పశువైద్యుల కొరత: చట్టం మారిస్తే తీరేదెంత, తీరనిదెంత

ప్రశ్న: "నేను పశువైద్య డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. డాక్టర్ల కొరత తీరాలంటే వృత్తి చట్టాలు మార్చాలని చాలా దేశాల్లో చర్చ నడుస్తోంది. మేం చేయాల్సిన పనుల్లో కొన్నిటిని వెటర్నరీ నర్సులకు, పారావెట్లకు (డాక్టర్లు కాని, శిక్షణ పొందిన పశువైద్య సహాయకులకు) అప్పగిస్తారట. అలా చేస్తే కొరత నిజంగా తీరుతుందా? ఇన్నేళ్లు చదివిన మా డిగ్రీకి విలువ ఉంటుందా?"

చట్టం మారాలి. మారితే కొరతలో కొంత భాగం తీరుతుంది, అదీ కాస్త త్వరగానే. మిగతా భాగం మాత్రం చట్టంతో తీరేది కాదు. మీ డిగ్రీ విలువ సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే ముందు చెప్పేవి అర్థమైతే ఆ భయం చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

ముప్పై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. నేను మనసు మార్చుకోవడానికి ఒక ఆవు కారణం. నా సర్వీసు మొదటి రోజుల్లో ఒక సాయంత్రం కబురొచ్చింది: ఈనిన మర్నాడే ఆవు పడిపోయింది, లేవట్లేదు. వినగానే పాలజ్వరం అని తెలుస్తోంది, అంటే ఈనాక రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బు. ఆ సమయానికి నేను చాలా దూరంలో ఉన్న ఇంకో ఊళ్లో గొర్రెలకు టీకాలు వేస్తున్నాను. పొద్దున్నుంచీ అదే పని. నేను వెళ్లేసరికి ఆవు చచ్చిపోయి ఉంది. ఎవరో తెలిసినాయన కాల్షియం బాటిల్ తెచ్చి నరానికి ఎక్కించాడు. మందు సరైనదే. కానీ సీసా మొత్తం గబగబా పోనిచ్చాడు. కాల్షియం అలా వేగంగా రక్తంలోకి వెళ్తే గుండె ఆగిపోతుంది. ఒక చెవి గుండె మీద పెట్టి నెమ్మదిగా ఎక్కించాలని, లయ తప్పితే వెంటనే ఆపాలని ఆయనకు ఎవరూ నేర్పలేదు.

ఆ రాత్రి నాకు ఆయన మీద కోపం వచ్చింది. కొన్నాళ్లకు అసలు సంగతి బుర్రకెక్కింది. శిక్షణ ఉన్న సహాయకుడు చేయగలిగే పనిలో నేను రోజంతా ఉన్నాను. నేను చేయాల్సిన పనిని శిక్షణ లేని మనిషి చేశాడు. కొరత అంటే నాకు అప్పటి నుంచి కనిపించేది ఇదే దృశ్యం. ఎంతమంది డాక్టర్లు ఉన్నారన్న లెక్క ఒకటి. ఉన్న డాక్టర్ల గంటలు ఏ పనికి పోతున్నాయన్న లెక్క ఇంకొకటి. మొదటి లెక్క పెరగాలంటే కాలేజీలు కావాలి, ఐదారేళ్లు కావాలి. రెండో లెక్కను చట్టం మార్చగలదు.

ఇప్పుడున్న చట్టాలు ఎలా ఉన్నాయో చూద్దాం. బ్రిటన్‌లో ఇప్పటికీ ఆధారం 1966 నాటి వెటర్నరీ సర్జన్స్ యాక్ట్. పశువైద్యం చేసే హక్కు రిజిస్టరైన డాక్టరుకే అని ఒక గీత గీసి, మూడో షెడ్యూల్‌లో కొన్ని మినహాయింపులు ఇచ్చింది. రిజిస్టరైన నర్సు డాక్టరు ఆదేశం మీద వైద్యం, శరీర కుహరంలోకి వెళ్లని చిన్న శస్త్రచికిత్సలు చేయొచ్చు. విచిత్రమేమిటంటే అంత శిక్షణ పొందిన ఆ నర్సుల పేరుకు చట్టంలో రక్షణ లేదు. శిక్షణ లేనివాళ్లు కూడా 'వెటర్నరీ నర్స్' అని చెప్పుకోవచ్చు. అక్కడి నియంత్రణ సంస్థ రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ 2021లో తన సిఫార్సులు ఖాయం చేసింది. నర్సు పేరుకు రక్షణ, మత్తుమందు ఇచ్చే పనిలో నర్సులకు పెద్ద పాత్ర, మగ పిల్లులకు విత్తులు తీసే ఆపరేషన్‌ను నర్సులు చేయడానికి అనుమతి వాటిలో ఉన్నాయి.

భారతదేశంలో 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం కూడా దాదాపు ఇదే దారి. 30వ సెక్షన్ ప్రకారం వైద్యం రిజిస్టరైన డాక్టరుదే. డిప్లొమా లేదా సర్టిఫికెట్ ఉన్న స్టాక్‌మన్, స్టాక్ అసిస్టెంట్ లాంటి సిబ్బంది డాక్టరు పర్యవేక్షణలో 'చిన్న సేవలు' చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వొచ్చు. టీకా, విత్తులు కొట్టడం, గాయానికి కట్టు చట్టంలోనే ఉన్నాయి. ఇంకేం కలపాలో రాష్ట్రం నోటిఫై చేసుకోవచ్చు. కాబట్టి తలుపు మూసి లేదు. అయితే ఈ చట్టంలో నన్ను ఇబ్బంది పెట్టే మాట 'పర్యవేక్షణ'. డాక్టరు పక్కనే నిలబడాలా, ఫోన్లో అందుబాటులో ఉంటే చాలా, ఒక డాక్టరు కింద ఎంతమంది ఉండొచ్చు, తప్పు జరిగితే జవాబు ఎవరిది? ఇవి స్పష్టంగా రాయని చోట పర్యవేక్షణ కాగితం మీద సంతకంగా మిగిలిపోతుంది.

కెన్యా ఇంకో దారి పట్టింది. 2011లో చేసిన చట్టం పేరులోనే డాక్టర్లు, పారాప్రొఫెషనల్స్ (అంటే పారావెట్లు) ఇద్దరూ ఉన్నారు. ఒకే బోర్డు ఇద్దరినీ రిజిస్టర్ చేస్తుంది. దక్షిణాఫ్రికా చట్టం 1982 నుంచే ఇద్దరినీ కలిపి చూస్తోంది. కెనడాలోని ఒంటారియో 2024లో చేసిన కొత్త చట్టంలో టెక్నీషియన్లను కూడా డాక్టర్లతో పాటు నియంత్రణ కిందికి తెచ్చింది. నాకు నచ్చేది ఈ పద్ధతి. పారావెట్‌కు సొంత రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే, తప్పు చేస్తే పోయేది తన నంబరే అని తెలిస్తే, ఆ మనిషి పనితీరు వేరుగా ఉంటుంది. రైతుకు కూడా ఎవరిని అడగాలో తెలుస్తుంది. ఏ రిజిస్టర్‌లోనూ లేని మనిషిని చట్టం శిక్షించలేదు, గౌరవించలేదు కూడా.

అమెరికాలోని కొలరాడోలో 2024 నవంబరులో ప్రజల ఓటుతోనే కొత్త హోదా ఒకటి పుట్టింది. మాస్టర్స్ స్థాయి చదువుతో 'వెటర్నరీ ప్రొఫెషనల్ అసోసియేట్'. డాక్టరు పర్యవేక్షణలో రోగ నిర్ధారణ, ఆపరేషన్ దాకా వెళ్లే పాత్ర ఇది. అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ గట్టిగా వ్యతిరేకించింది. ఈ విషయంలో నేను ఆ సంఘం వైపే మొగ్గుతాను. కారణం హోదా మీద పట్టుదల కాదు. అక్కడ ఇప్పటికే వేలమంది శిక్షణ పొందిన టెక్నీషియన్లు ఉన్నారు. వాళ్లకు రావాల్సిన పనులు పూర్తిగా అప్పగించకుండానే, జీతాలు సరిచేయకుండానే, మధ్యలో కొత్త మెట్టు కడితే ఉన్న మెట్టు ఖాళీ అవుతుంది. ముందు ఉన్నవాళ్ల చేతులు విప్పాలి.

ఏ పని అప్పగించవచ్చు, ఏది కూడదు? అసలు గొడవంతా ఇక్కడే. సూది గుచ్చడం చిన్న పని, కోత పెట్టడం పెద్ద పని అని చాలామంది చేతిపని కష్టాన్ని బట్టి విడదీస్తారు. నా ఆవు అనుభవం చెప్పేది వేరే. నరానికి సూది పెట్టడం చేతికి తేలిక, పొరపాటైతే ప్రాణం పోతుంది. అందుకే నేను వేరే ప్రశ్నలు వేసుకుంటాను. ఈ పని చేసే ముందు జబ్బు ఏమిటో తేల్చాల్సి ఉందా, లేక అది ముందే తేలిపోయిందా? తప్పు జరిగితే సరిదిద్దుకునే వ్యవధి ఉందా? చేసిన పనిని తర్వాత ఇంకొకరు తనిఖీ చేయగలిగేలా రికార్డు మిగులుతుందా?

మూడో ప్రశ్నకు మంచి ఉదాహరణ ఇంగ్లండ్‌లో పశువుల క్షయ పరీక్ష. ట్యూబర్కులిన్ (క్షయ క్రిమి నుంచి తీసిన పరీక్ష ద్రవం) ఇచ్చే ముందు మెడ మీద చర్మం మందం కొలుస్తారు. 72 గంటల తర్వాత మళ్లీ కొలుస్తారు. మిల్లీమీటర్లలో అంకెలు మిగులుతాయి. డాక్టరు కాని శిక్షణ పొందిన టెస్టర్లు డాక్టరు పర్యవేక్షణలో ఈ పరీక్ష చేయడానికి అక్కడ అనుమతి ఉంది. ఎవరైనా నిర్లక్ష్యం చేస్తే ఆ అంకెలే పట్టిస్తాయి, ఎందుకంటే నిజంగా కొలిచిన వంద పశువుల అంకెలు, కొలవకుండా రాసిన వంద అంకెలు ఒకలా ఉండవు. అప్పగించడానికి ఇంతకంటే అనువైన పని దొరకదు.

మరి పాలజ్వరం? నన్నడిగితే శిక్షణ ఇచ్చి, ఫోన్లో డాక్టరు మాట్లాడుతుండగా, స్టెతస్కోపు చెవిన పెట్టుకుని పారావెట్ కాల్షియం ఎక్కించవచ్చు. ఈ మాటకు నా తోటివాళ్లలో చాలామంది ఒప్పుకోరు. కానీ డాక్టరు రాలేని చోట దానికి బదులు జరిగేది ఏమిటో నేను చూశాను. చట్టం కాదన్నంత మాత్రాన ఆ సీసా అల్మారాలోనే ఉండిపోదు, శిక్షణ లేని చేతిలోకి వెళ్తుంది.

పారావెట్లను నమ్మలేం అనేవాళ్లకు నేను రిండర్‌పెస్ట్ కథ గుర్తుచేస్తాను. మన పెద్దలు పశువుల పెద్దరోగం అన్నది అదే. 2011లో ప్రపంచం నుంచి పూర్తిగా తుడిచిపెట్టారని ప్రకటించారు. మనుషుల మశూచి తర్వాత అలా నిర్మూలించిన రెండో జబ్బు ఇదే. చివరి అడ్డంకులు ఇథియోపియాలోని అఫార్, దక్షిణ సుడాన్ లాంటి ప్రాంతాలు. యుద్ధాలు, రోడ్లు లేవు, కరెంటు లేదు, డాక్టర్లు వెళ్లలేరు. 1990లలో రెండు మార్పులు వచ్చాయి. ఫ్రిజ్ లేకుండా వారాల తరబడి పాడవకుండా ఉండే టీకా తయారైంది. ఆ టీకాను వేయడానికి పశువుల కాపరుల్లోంచే మనుషులను ఎంచుకుని శిక్షణ ఇచ్చారు. వాళ్లకు పశువులు తెలుసు, దారులు తెలుసు, జబ్బు తెలుసు. డాక్టర్లు టీకా తయారీ, శిక్షణ, నిఘా, నమూనాల పరీక్ష చూసుకున్నారు. డాక్టరు పని చిన్నదైపోయిందని అక్కడ ఎవరూ అనుకోలేదు.

అయితే ఒక గీత దగ్గర మాత్రం నేను కదలను. మందులు రాసే అధికారం, ముఖ్యంగా యాంటీబయాటిక్స్. డైక్లోఫెనాక్ సంగతి మీరు చదివే ఉంటారు. పశువుల నొప్పికి, జ్వరానికి విచ్చలవిడిగా వాడిన ఆ మందు చచ్చిన పశువుల కళేబరాల్లో మిగిలి, వాటిని తిన్న రాబందుల మూత్రపిండాలను చంపింది. కారణం 2004లో తేలింది. 2006లో భారత్, పాకిస్తాన్, నేపాల్ దాన్ని పశువులకు వాడటాన్ని నిషేధించాయి. అప్పటికే దక్షిణాసియాలో కొన్ని జాతుల రాబందులు నూటికి తొంభై ఐదుకు పైగా పోయాయి. ఒక సూది ఒక పశువుతో ఆగదని ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. అందుకే ఏ మందు, ఎంతకాలం, పాలు మాంసం ఎన్నాళ్లు ఆపాలి అన్న నిర్ణయం జబ్బు తేల్చగల మనిషి దగ్గరే ఉండాలి. యూరోపియన్ యూనియన్ 2022 జనవరి నుంచి అమలు చేస్తున్న పశువుల మందుల నిబంధనలు ముందుజాగ్రత్త పేరుతో యాంటీబయాటిక్స్ వాడటాన్ని బాగా కట్టడి చేశాయి. కొరత సాకుతో ఆ కట్టడిని సడలించే సంస్కరణ ఏదొచ్చినా దాన్ని వ్యతిరేకించండి.

దూరం నుంచి వైద్యం కూడా ఇక్కడే వస్తుంది. బ్రిటన్‌లో 2023 సెప్టెంబరు నుంచి పశువును చేతితో పరీక్షించకుండానే మందు రాయడానికి కొన్ని షరతులతో దారి తెరిచారు, యాంటీబయాటిక్స్‌కు మాత్రం సాధారణంగా భౌతిక పరీక్ష ఉండాల్సిందే. చికిత్సకు చట్టం కోరే డాక్టరు-యజమాని సంబంధం వీడియో ద్వారా కూడా ఏర్పడవచ్చని కాలిఫోర్నియా 2024 నుంచి ఒప్పుకుంది. మంచిదే. కానీ అవతలి వైపు జ్వరం చూసి, పొదుగు తాకి, కడుపు కదలిక విని చెప్పగలిగే శిక్షణ ఉన్న మనిషి ఉంటేనే వీడియోకు విలువ. లేకపోతే కదిలే బొమ్మ చూసి ఊహించడమే.

చట్టం మార్చాల్సిన ఇంకో చోటు ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 'పూర్తి డాక్టరు లేదా అసలు డాక్టరే కాదు' అన్న పద్ధతి. గేదెల ఈతలు చేసీ చేసీ భుజం పోయినవాళ్లు, తన్ను తగిలి నడుం పోయినవాళ్లు ఈ వృత్తిలో ఎంతమంది ఉంటారో మీకు త్వరలోనే తెలుస్తుంది. ఒక వైకల్యం వల్ల కొన్ని పనులు చేయలేని విద్యార్థి ఉంటాడు. ప్రయోగశాల, ప్రజారోగ్యం, చిన్న జంతువుల ఓపీ లాంటి పనులకు వాళ్లు పూర్తిగా పనికొస్తారు. పరిమిత లైసెన్సు ఇవ్వగలిగితే వాళ్లు మనకు మిగులుతారు. బ్రిటన్ సంస్థ 2021 సిఫార్సుల్లో ఈ అంశం కూడా ఉంది. క్రమశిక్షణ చర్యల సంగతీ ఇంతే. మందలింపు, సస్పెన్షన్, పేరు కొట్టేయడం తప్ప మధ్యే మార్గం లేని చట్టాలు మంచి డాక్టర్లను కూడా పోగొట్టుకుంటాయి. "ఆరు నెలలు ఒక సీనియర్ దగ్గర పనిచెయ్, ఆ తర్వాత చూద్దాం" అని షరతు పెట్టే వీలుండాలి. ఆరోగ్యం బాగాలేక తప్పు చేసినవాళ్లకు వైద్యం ముందు, విచారణ తర్వాత.

చట్టం ముట్టుకోని ఇంకో పెద్ద విషయం వ్యాపారం. బ్రిటన్ చట్టం మనుషులను నియంత్రిస్తుంది, క్లినిక్‌లను కాదు. అక్కడి పోటీ నియంత్రణ సంస్థ లెక్క ప్రకారం 2013లో పెద్ద సంస్థల చేతిలో ఉన్న క్లినిక్‌లు దాదాపు 10 శాతం, పదేళ్లకు అవి దాదాపు 60 శాతమయ్యాయి. ఇప్పుడు జీతం, డ్యూటీ గంటలు, రోజుకు ఎన్ని కేసులు అన్నది నిర్ణయించే యజమాని డాక్టరు కాకపోవచ్చు. తప్పు జరిగితే లైసెన్సు పోయేది మాత్రం ఉద్యోగం చేసే డాక్టరుది. యజమాన్యాన్ని కూడా నియంత్రణ కిందికి తేకుండా నర్సులకు, పారావెట్లకు పనులు పెంచితే, ఆ వెసులుబాటు పశువులకు అందదు. ఒక డాక్టరు పేరు మీద పది గదులు నడపడానికి పనికొస్తుంది. ఒక డాక్టరు ఎంతమందిని పర్యవేక్షించవచ్చో చట్టంలోనో నిబంధనల్లోనో అంకె రాయాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

విదేశీ డిగ్రీల గుర్తింపు గురించి తక్కువే చెబుతాను. యూరప్‌లో 2005 నాటి ఆదేశం వల్ల ఒక దేశపు డిగ్రీ ఇంకో దేశంలో చెల్లుతుంది. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక ఆ ఆటోమేటిక్ గుర్తింపు పోయింది, కబేళాల్లో మాంసం తనిఖీ ఎక్కువగా యూరప్ నుంచి వచ్చిన డాక్టర్ల మీదే నడుస్తుండటంతో ఆ దెబ్బ అక్కడ బాగా తగిలింది. ఒక దేశం కొరతను ఇంకో దేశం డాక్టర్లతో పూడ్చడం వల్ల మొత్తం కొరత తగ్గదు.

చట్టంతో తీరని భాగం మిగిలింది. మారుమూల చోట ఒంటరిగా ఉండే డాక్టరు నెలలో ప్రతి రాత్రీ డ్యూటీలోనే ఉంటాడు. రెండేళ్లు చేస్తాడు, మూడో ఏడు వెళ్లిపోతాడు. దక్షిణాఫ్రికా కొత్త డాక్టర్లకు ఒక ఏడాది తప్పనిసరి సేవ పెట్టింది. అమెరికా ప్రభుత్వం కొరత ఉన్న ప్రాంతాల్లో మూడేళ్లు పనిచేస్తే చదువు అప్పు తీర్చడంలో సాయం చేస్తుంది. న్యూజిలాండ్ 2009 నుంచి ఐదేళ్లు నిలిచినవాళ్లకు విడతలుగా డబ్బు ఇస్తోంది. బలవంతం కంటే ఇలా డబ్బు సాయం చేయడమే నాకు సరైనదనిపిస్తుంది. అయినా డబ్బు ఒక్కటే మనిషిని నిలపదు. నా కింద పనిచేసి వెళ్లిపోయిన పిల్లలను అడిగితే జీతం గురించి చెప్పినవాళ్లు తక్కువ. "ఒక్క రాత్రి కూడా ఫోన్ పక్కన పెట్టి పడుకోలేదు సార్" అన్నవాళ్లే ఎక్కువ. చుట్టుపక్కల నలుగురు డాక్టర్లు రాత్రి డ్యూటీ పంచుకునేలా, తొలి కాల్ శిక్షణ ఉన్న పారావెట్ అందుకునేలా ఏర్పాటు చేస్తే చాలామంది ఉండిపోతారు. దీనికి నిబంధనలు అడ్డు రాకూడదు. అంతవరకే చట్టం చేయగలిగేది.

ఇక మీ డిగ్రీ విలువ. పారావెట్లకు టీకాలు, కట్లు, చూడి పరీక్షలు, క్షయ పరీక్షలు వెళ్లిపోతే మీకు మిగిలేది కష్టమైన పనే. తేలని జబ్బు, మంద మొత్తానికి వచ్చిన సమస్య, ఆపరేషన్, మందు ఎంపిక, పది మంది పని చూసి తప్పు ఎక్కడుందో పట్టుకోవడం. ఈ చివరి పని కాలేజీలో సరిగా నేర్పరు. ఇంకొకరి చేతితో వైద్యం చేయించడం సొంత చేతితో చేయడం కంటే కష్టం, ఎందుకంటే వాళ్లు చెప్పనిది కూడా మీరు అడిగి రాబట్టాలి.

అందుకే మీ ఇంటర్న్‌షిప్‌లో ఒక వారం మంచి పేరున్న పారావెట్ వెంట తిరగండి. డాక్టరుగా కాకుండా సంచి మోసే మనిషిగా వెళ్లండి. ఆయన ఎక్కడ ఆగి డాక్టరుకు ఫోన్ చేస్తాడో, ఫోన్ చేయాల్సిన చోట ఎందుకు చేయడో ఒక పుస్తకంలో రాసుకోండి. రేపు మీ దేశంలో చట్టం ముసాయిదా అభిప్రాయాల కోసం బయటికొస్తే, అందులో పర్యవేక్షణ గురించి రాసిన పేరాను ఆ పుస్తకం పక్కన పెట్టుకుని చదవండి. ఆ పేరాలో పారావెట్ ఎప్పుడు ఫోన్ చేయాలో, ఎత్తాల్సిన డాక్టరు ఎవరో, ఎత్తకపోతే ఏం జరుగుతుందో లేకపోతే, గడువులోపు మీ పేరుతో మీ అభ్యంతరం పంపండి.